నాన్నకు దాచిన సగం

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా వాళ్ళ బడి పండగ వారంలో జరిగిన సంగతి ఇది. అదిప్పుడు సెకండరీ స్కూల్లో ఉంది. పొడుగులో నన్ను మించింది. ఈ ముచ్చట ఎత్తితే "అమ్మా, ప్లీజ్ లా" అని సింగపూర్ యాసలో అనేసి గదిలోకి పోయి తలుపేసుకుంటుంది. అందుకని దాని ఎదుట ఎత్తను.

బడి అంటే, సింగపూర్లో యూ టీ అనే పేటలో ఉన్న మా ఇంటికి రెండు స్టేషన్ల అవతలి కాథలిక్ ప్రైమరీ స్కూలు. మేం కాథలిక్కులం కాము. తెనాలి దగ్గర జిల్లా పరిషత్తు బడిలో చదువుకున్న నాకు, కాన్వెంటు పిల్లలు నీలం గౌన్లూ తెల్ల మేజోళ్ళూ వేసుకుని రిక్షాలో పోతుంటే చూసి కుళ్ళుకున్న చరిత్ర ఉంది. ఆ కుళ్ళు పాతికేళ్ళు నాలో చెక్కుచెదరకుండా ఉండి, సింగపూర్లో పిల్లకి సీటు వెతకాల్సిన ఏడాది పైకి తేలింది. "మన బ్లాకు కిందే బడి ఉండగా ట్రైన్లో ఎందుకే?" అన్నారు మావారు. ఆయన మాట విని ఉంటే ఈ కథే లేదు.

సీటు కోసం ఏడాది ముందే పేరెంట్ వాలంటీరుగా చేరాను. శనివారాలు వెళ్ళి లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేశాను. స్పోర్ట్స్ డే నాడు ఎండలో నిలబడి పిల్లలకు మంచినీళ్ళు పోశాను. క్యాంటీన్లో బల్లలు కూడా తుడిచాను. మా అత్తగారు చూసి ఉంటే ఇంట్లో బల్ల తుడవని మనిషి ఈవిడేనా అని రెండుసార్లు కళ్ళు నులుముకుని ఉండేది. మొత్తానికి సీటు వచ్చింది. వచ్చాక కూడా వాలంటీరు పని మానలేదు. ఆ మెడలో వేసుకునే కార్డు నాకు నచ్చింది, నిజం చెప్పాలంటే.

పిల్ల మాత్రం బడిలో నోరు విప్పేది కాదు. ఇంట్లో నోట్లో నువ్వుగింజ నానదు, బడికెళ్తే ముంగి. రెండేళ్ళలో ఒక నాటకంలో లేదు, ఒక పాటలో లేదు. వార్షికోత్సవం ఫోటోల్లో వెతికితే ఎవరి భుజం వెనకో అర చెంప కనిపించేది. క్లాస్ టీచరును కలిసినప్పుడల్లా "షీ ఈజ్ వెరీ గుడ్, వెరీ క్వైట్" అనేది ఆవిడ. ఆ రెండో ముక్క నాకు పుండు మీద కారంలా ఉండేది.

అలాంటిది, ఆ ఏడు పండగ వారానికి దాన్ని ఎంచుకున్నారు. ఆ బడి ఏ పునీతుడి పేరు మీద ఉందో ఆయన పండగ వచ్చే వారమంతా మామూలు పాఠాలు తగ్గించి, ఆయన జీవితం గురించి చెబుతారు, వృద్ధాశ్రమానికి కార్డులు చేయిస్తారు, మంగళవారం పక్కనే ఉన్న చర్చిలో పూజ, శుక్రవారం హాల్లో కృతజ్ఞతా ప్రార్థన, తర్వాత ఆటలూ తిండీ. శుక్రవారం నాడు ప్రతి క్లాసు నుంచి ఒకరు, పిల్లలంతా తెచ్చిన బియ్యం, పాలలో కలిపే మైలో పొడి, బిస్కెట్లు, సార్డిన్ చేపల డబ్బాలు పేర్చిన బుట్టని అందరి మధ్య నుంచి మోసుకెళ్ళి వేదిక ముందు పెట్టాలి. వాటిని లేనివాళ్ళ ఇళ్ళకు పంపుతారు. మా అమ్మాయి క్లాసు బుట్ట మా అమ్మాయి మోయాలి. మాట్లాడక్కర్లేదు, పాడక్కర్లేదు, నడిస్తే చాలు. ఆ టీచరు ఎంత తెలివైన మనిషో నాకు అప్పుడు అర్థమైంది.

పిల్ల ఇంట్లో బియ్యం డబ్బా ఎత్తుకుని హాలు నుంచి వంటింటికీ వంటింటి నుంచి హాలుకీ నడవడం మొదలుపెట్టింది. నేను తెనాలికి ఫోన్ చేసి మా అమ్మకు చెప్పాను, మా అక్కకు చెప్పాను, తెలుగు తల్లుల వాట్సాప్ గ్రూపులో అడగని వాళ్ళకు కూడా చెప్పాను. మావారు జకార్తాలో ఏదో ప్రాజెక్టు మీద ఉన్నారు, శనివారానికి గానీ రారు. "వీడియో తియ్యి" అన్నారాయన. "వాలంటీర్లు వీడియోలు తియ్యకూడదు, మాకు రూల్సున్నాయి" అన్నాను కార్డు మెడలో ఉన్నట్టే.

సోమవారం దానికి కాస్త ఒళ్ళు వెచ్చబడింది. డాక్టరు దగ్గర కాగితం తీసుకుని ఇంట్లో ఉంచాను. మంగళవారానికి తగ్గింది, పంపాను.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి ఏడు దాటింది. బడి నుంచి వచ్చాక పిల్ల మా పక్క బ్లాకు ఆంటీ దగ్గర ఉంటుంది. ఆవిడ దగ్గర నుంచి తీసుకొచ్చి ఇంటి తలుపు తీశానో లేదో, పిల్ల చెయ్యి పట్టుకుని "అమ్మా, కాళ్ళు కడుక్కుని రా" అంది. నేను దానికి చెప్పాల్సిన మాట అది నాకు చెప్పేసరికి నవ్వొచ్చింది. కడుక్కుని వచ్చాను. గౌను జేబులోంచి టిష్యూ ప్యాకెట్టు తీసింది, హాకర్ సెంటర్లో, అదే తిండి అంగళ్ళ దగ్గర, కుర్చీ పట్టుకోవడానికి బల్ల మీద పెడతామే, అలాంటిది. దాని మడతల్లో పల్చటి తెల్లటి గుండ్రటి బిళ్ళ ఉంది, అప్పడం కంటే పలచన.

"చర్చిలో ప్రసాదం ఇచ్చారు. నీకోసం తెచ్చా. ఐ డిడ్న్ట్ ఈట్."

"నువ్వు తినలేదా?"

"నువ్వు తినకుండానా?" అంది, నేనేదో తెలివితక్కువ ప్రశ్న అడిగినట్టు.

మా ఇంట్లో అది ఆచారం. ఎవరు ఏ గుడికి వెళ్ళినా చేతిలో పెట్టిన ప్రసాదం అక్కడే మింగేసి రారు. పొట్లం కట్టుకుని ఇంటికి తెస్తారు, చిటికెడైనా సరే అందరి నోట్లోనూ పడాలి. మా నాన్న తిరుపతి వెళ్ళొస్తే లడ్డూని పదహారు ముక్కలు చేసి, వీధిలో సగం ఇళ్ళకు పంచి, ఆఖరున చేతికంటిన పొడి తాను నాకేవారు. ఒంటరిగా తిన్న ప్రసాదం ఒంటికి పట్టదనేవారు. ఇవన్నీ దానికి కూర్చోబెట్టి చెప్పిన గుర్తు కూడా లేదు. చూసి నేర్చుకుంది. నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. మాట్లాడటం రాదనుకున్న పిల్ల, అంతమంది మధ్య లైన్లో నిలబడి, తీర్థానికి పట్టినట్టు ఎడమ చేతి మీద కుడి చెయ్యి వేసి పట్టి, కళ్ళకద్దుకుని, జాగ్రత్తగా దాచి తెచ్చింది.

బిళ్ళని సగానికి విరిచాను. ఒక సగం నాన్నకు. మా ఫ్లాటులో బాంబు షెల్టరు గది ఉంది, యుద్ధమొస్తే దాక్కోవడానికని ఇక్కడి కొత్త ఫ్లాట్లలో ఇనప తలుపుతో కట్టేది, ఇక్కడ చాలామంది మనవాళ్ళలాగే మేమూ దాన్ని దేవుడి గది చేశాం. అక్కడ కుంకుమ భరిణె పక్కన చిన్న స్టీలు డబ్బాలో ఆ సగం పెట్టాను. రెండో సగం పిల్ల నోటి దగ్గర పెడితే "నువ్వు ఫస్ట్" అంది. ఆకలి మీద ఉన్నానేమో, కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. నోట్లో పడీ పడగానే కరిగిపోయింది. ఉప్పూ లేదు, తీపీ లేదు. తర్వాత చూస్తే దానికివ్వడానికి ఏమీ మిగల్లేదు. "పర్లేదు, నాన్న ముక్కలో నాకు ఇస్తాడు" అంది. మావైపు క్రైస్తవులు దాన్ని సత్ప్రసాదం అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ వారంలో తెలిసినా నాకేమీ కలిసొచ్చేది కాదు.

బుధవారం సాయంత్రం పిల్లని తీసుకురావడానికి వెళ్ళి, ఆంటీ దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. ఆవిడ తాతగారిది నెల్లూరు. మూడు తరాలుగా ఇక్కడే, ఇంట్లో మాట్లాడేది తమిళం, నాతో మాత్రం తమిళ నేతిలో ముంచిన తెలుగు. పక్కా కాథలిక్. ఆదివారం చర్చికి వెళ్ళకపోతే సోమవారం ఒంట్లో బాగాలేనట్టుంటుంది ఆవిడకి. నేను చెబుతుంటే ఆవిడ చేతిలో పకోడీల పళ్ళెం అలాగే ఆగిపోయింది.

"ఇంటికి తెచ్చిందా? ఎవర్ తిన్నారు మా?"

"నేనే ఆంటీ. సగం వాళ్ళ నాన్నకి..."

"అయ్యయ్యో కడవుళే!" అని కుర్చీలో కూర్చుండిపోయింది.

తర్వాత ఆవిడ నెమ్మదిగానే చెప్పింది, కోపంగా కాదు. అది మీ ప్రసాదంలాంటిది కాదు మా, అది మాకు రొట్టె కూడా కాదు, సాక్షాత్తూ ప్రభువే అంది. దానికి ముందు పిల్లలు ఏడాది రెండేళ్ళు పాఠాలు నేర్చుకుంటారు, తెల్ల గౌను వేసుకుని మొదటిసారి తీసుకునే రోజు ఇంట్లో పెళ్ళంత హడావిడి. ఇచ్చినవాళ్ళ ఎదుటే నోట్లో వేసుకోవాలి, బయటికి తీసుకెళ్ళడం మహాపరాధం. కాథలిక్ కాని పిల్లలు రెండు చేతులూ గుండెల మీద కత్తెరలా పెట్టుకుని వెళ్తే ఫాదర్ తల మీద చెయ్యి పెట్టి దీవిస్తాడు, అంతే. "స్కూల్లో సొల్లిక్కుడుక్కలేదా?" అంది.

చెప్పారు, సోమవారం. హాల్లో అందరినీ నిలబెట్టి చేతులు ఎలా పెట్టుకోవాలో రెండుసార్లు చేయించారట. సోమవారం మా అమ్మాయి ఇంట్లో పడుకుని కార్టూన్లు చూసింది. ఇంటికొచ్చి ఫోన్ తీసి బడి యాప్ చూశాను. పండగ వారం గురించి పంపిన ఉత్తరం అక్కడే ఉంది, మూడో పేరాలో అన్నీ విడమరిచి. కింద "చదివాను" అన్న బటన్ నేను నొక్కినట్టు ఆకుపచ్చ గుర్తు. నేను ఒక బ్యాంకులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. మనుషులు చదవకుండా నొక్కే బటన్ల మీదే నా బతుకు. చెప్పేవి శ్రీరంగనీతులు అని ఊరికే అన్నారా?

తప్పు నాదని ఒప్పుకునే మనిషినైతే అప్పుడే ఒప్పుకునేదాన్ని. నేను పిల్ల మీద పడ్డాను. పక్కవాళ్ళు ఏం చేస్తున్నారో చూడవా, అడగవా, నోట్లో నాలుక లేదా అని అరిచాను. "నా ముందు గర్ల్ చెయ్యి పట్టింది, నేనూ పట్టాను" అంది. ఆ పిల్ల కాథలిక్, నువ్వు కాదు అన్నాను. "అది నాకెలా తెలుస్తుంది? ఎవ్రీబడీ సేమ్ యూనిఫారం" అంది.  నేను ఇంకాస్త గట్టిగా అరిచాను. అది ఏడవలేదు. "ఇప్పుడు బుట్ట నాకివ్వరా?" అని మాత్రం అడిగింది.

నాకూ అదే భయం. చెప్తే బుట్ట పోతుందేమో. చెప్పకుండా ఉందామా అంటే దేవుడి గదిలో ఆ సగం ఉంది. దాన్ని తినలేం, పారేయలేం. మా దేవుడి పక్కన వాళ్ళ దేవుణ్ణి నేను స్టీలు డబ్బాలో పెట్టి మూత వేశాను. దీపం పెట్టడానికి వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయాను. ఆంటీ రెండుసార్లు ఫోన్ చేసింది, "రేపే ఫాదర్ దగ్గరికి కొండుపో మా, రేపే" అని. ఆవిడ అంత కంగారు పడుతుంటే శుక్రవారం దాకా ఆగుదామన్న మాట నా నోటికి రాలేదు.

గురువారం పొద్దున ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి, డబ్బా సంచిలో పెట్టుకుని పిల్లతో బయల్దేరాను. ట్రైన్లో సీటు దొరికింది. రెండు స్టేషన్లే. ఆ రెండు స్టేషన్లలో నేను చేసిన పని ఈ రాతకంతటికీ కారణం.

"ఫాదర్ రెండో సగం ఏదని అడిగితే నువ్వే తిన్నావని చెప్పు" అన్నాను.

"నేను తినలేదుగా."

"తెలుసు. చిన్నపిల్లవి, తెలియక తిన్నావంటే ఎవరూ ఏమీ అనుకోరు. నేను తిన్నానంటే వేరేలా ఉంటుంది."

"బట్ దట్స్ లైయింగ్. ఈ వారం మా క్లాసుకి ఇచ్చిన వాల్యూ హానెస్టీ."

"అమ్మ కోసం ఒక్కసారి" అన్నాను. వద్దని తల ఊపింది. "నీకు బుట్ట కావాలా వద్దా?" అన్నాను.

అది కిటికీ వైపు తిరిగి కూర్చుంది. నేను బెదిరించాలని అనలేదు, కానీ అన్నది బెదిరింపే. వాలంటీరు కార్డు వేసుకున్న మనిషి, ఉత్తరం చదివానని గుర్తు పెట్టిన మనిషి, పెద్దది, ఇంగ్లీషు వచ్చినది, వాళ్ళ పవిత్రమైన వస్తువుని పకోడీలా నోట్లో వేసుకుందంటే ఆ తల్లుల మధ్య నా మొహం ఏమవుతుంది? నా మొహం గురించే ఆలోచించాను. దాని మొహం వంక చూడలేదు.

ముందు క్లాస్ టీచరుకి చెప్పాం. ఆవిడ మొహం పాలిపోయింది గానీ మమ్మల్ని ఏమీ అనకుండా ఆఫీసు పక్క చిన్న గదిలో కూర్చోబెట్టి, చర్చి నుంచి ఫాదర్‌ని పిలిపించింది. ఆయన డెబ్బై దగ్గరపడ్డ చైనీస్ పెద్దాయన, చెప్పుల్లో కాళ్ళు, చేతిలో గొడుగు. నేను రాత్రంతా ఇంగ్లీషులో అల్లుకున్న క్షమాపణ అంతా అప్పజెప్పాను. ఆయన వింటూ డబ్బా మూత తీశారు. బిళ్ళ అంచుకి కుంకుమ అంటి ఉంది. నేను చూసుకోలేదు. 

ఆయన పిల్ల వైపు తిరిగి, "ఎందుకు దాచావమ్మా?" అని ఇంగ్లీషులో అడిగారు.

"ఇంట్లో వాళ్ళు తినలేదు కాబట్టి" అంది.

 ఆయన సిలువ గుర్తు వేసుకుని, ఆ సగాన్ని కుంకుమతో సహా నోట్లో వేసుకున్నారు. డబ్బాలో ఏమైనా పొడి ఉందేమో అని వేలితో అద్ది, నీళ్ళడిగి, డబ్బాలో పోసి, ఆ నీళ్ళు కూడా తాగేశారు. మా నాన్న తప్ప ఇంకొకరు అలా డబ్బా అడుగు దాకా తినడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడడిగారు, "మరి మిగతా సగం?"

పిల్ల తన బూట్ల వంక చూస్తూ, "నేను తిన్నాను" అంది.

నేను అక్కడే ఉన్నాను. అది చెప్పడం చెవులారా విన్నాను. ఏమీ అనలేదు.

"తెలియక చేసింది తప్పు కాదు. వచ్చి నిజం చెప్పావు చూడు, అది చాలామంది పెద్దవాళ్ళకి చేతకాదు" అన్నారాయన దానితో. రేపు బుట్ట మోయవచ్చా అని నేనే అడిగాను. మోయకపోతే ఎలా అన్నారు. టీచరు సంతోషం పట్టలేక, బాగా చదివిన పిల్లలకు వేసే నక్షత్రం ముద్ర తీసి పిల్ల చేతి మీద వేసింది, నిజాయితీకి అని. నేను థాంక్యూ చెప్పించాను కూడా.

గండం గడిచిందనుకుని మధ్యాహ్నం ఆఫీసులో కడుపునిండా తిన్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక పిల్ల స్నానాలగదిలోంచి ఎంతకీ రాలేదు. తలుపు తోసి చూస్తే కుళాయి కింద చెయ్యి పెట్టి గిన్నెలు తోమే పీచుతో చేతి మీద నక్షత్రాన్ని రుద్దుతోంది. సిరా పోయింది, చర్మం కందింది, ఇంకా రుద్దుతోంది. పీచు లాక్కున్నాను.

"రేపు నేను బుట్ట మొయ్యను" అంది. "మా క్లాస్‌లో జియా మోస్తుంది, లేకపోతే ఇంకెవరైనా... మిస్‌తో నువ్వే చెప్పు, నాకు కడుపునొప్పి అని. నువ్వు చెప్పగలవుగా."

చివరి ముక్క వెటకారంగా అనలేదు. దానికప్పటికింకా వెటకారం రాదు. అబద్ధం చెప్పడం నాకు వచ్చని నిజంగానే నమ్మి, సాయం అడిగింది. నన్ను ఎవరు ఎన్ని తిట్టినా అంత తగిలేది కాదు. పెట్రోలియం జెల్లీ తెచ్చి చేతికి రాశాను. "మోద్దువుగాని. నేను రేపు పొద్దున్నే వెళ్ళి ఫాదర్‌కి నిజం చెప్తాను" అన్నాను. "ప్రామిస్?" అంది. ప్రామిస్ అన్నాను.

శుక్రవారం వాలంటీర్లందరం పెందలాడే వెళ్ళాం. క్యాంటీన్లో బల్లలకు రంగు కాగితాలు అంటించాలి, కర్రీ పఫ్‌లు పళ్ళేల్లో సర్దాలి. నేను లిటిల్ ఇండియా నుంచి తెచ్చిన బంతిపూల దండలు వేదికకు కట్టే పని నాది. దండలు ఒక తల్లి చేతిలో పెట్టి ఫాదర్‌ని వెతుక్కుంటూ వెళ్ళాను. హాలు వెనక గదిలో కాగితాలు చూసుకుంటున్నారు.

"ఫాదర్, ఆ రెండో సగం నేను తిన్నాను. మా అమ్మాయి కాదు" అన్నాను ఒక్క ఊపిరిలో.

ఆయన కళ్ళద్దాల పైనుంచి చూశారు. "తెలిసి తిన్నారా?" అన్నారు. లేదన్నాను. "సరే, ఇప్పుడు తెలుసు కదా" అన్నారు. "చెప్పినందుకు థాంక్స్." అంతే. నేను భయపడ్డదానికి ఆయన దగ్గర రెండు నిమిషాల పని కూడా లేదు. ఈమాత్రం దానికి రెండు రోజులు కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకున్నానా అని నా మీద నాకే నవ్వొచ్చింది.

తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటూ వచ్చాను. హాలు బయట వరండాలో ఒక్కో క్లాసు నుంచి ఒక్కో పిల్ల, బుట్టలు పట్టుకుని వరసగా నిలబడ్డారు. మా అమ్మాయి నాలుగోది. బుట్ట దాని గడ్డం దాకా ఉంది. పైన ఎవరో పెట్టిన మైలో ప్యాకెట్టు మీద దాని కళ్ళు మాత్రం కనిపిస్తున్నాయి. వంగి చెవిలో చెప్పాను.

"చెప్పేశా. నేనే తిన్నానని."

"ఫాదర్ తిట్టాడా?"

"లేదు. థాంక్స్ అన్నారు."

కొంచెం ఆలోచించింది. "అయితే నేను అబద్ధం చెప్పానని ఇప్పుడు ఫాదర్‌కి తెలిసిపోయింది" అంది.

నేను బుట్ట మీద జారుతున్న మైలో ప్యాకెట్టు సర్దాను.

"చెప్పమన్నది నువ్వని చెప్పావా?"

చెప్పలేదు. ఆ మాట నా మనసుకే రాలేదు. నా తప్పు చెప్పుకుని, నా బరువు దింపుకుని, దాన్ని అబద్ధాలకోరుగా నిలబెట్టి నవ్వుకుంటూ వచ్చాను. తెలియక తినడం ఎవరైనా చేస్తారు, అది చెప్పడానికి సిగ్గేముంది? చెప్పడానికి సిగ్గయ్యేది ఇది. అందుకే కాబోలు నాలుక మీదికి రాకుండా ఎక్కడో జారిపోయింది.

లోపల పియానో మొదలైంది. హాలు తలుపు దగ్గర ఫాదర్ తెల్లటి అంగీ వేసుకుని నిలబడి ఉన్నారు, పక్కన ప్రిన్సిపాల్, క్లాస్ టీచరు, నాతో పనిచేసే నలుగురైదుగురు తల్లులు. ఇంకో నిమిషంలో వరస కదులుతుంది. తర్వాత చెప్పవచ్చు, ఆయన ఒక్కరూ ఉన్నప్పుడు, మెల్లగా. ఆ మాట అనడానికి నోరు తెరిచాను కూడా. పిల్ల నా వంక చూడటం మానేసి ఎదుటి పిల్ల జడ వంక చూడటం మొదలుపెట్టింది. ఇంకేమీ ఆశించనట్టు.

దాని భుజం మీద చెయ్యి వేసి, బుట్టతో సహా వరసలోంచి బయటికి తీసుకుని, ఫాదర్ దగ్గరికి నడిచాను.

"ఫాదర్, నిన్న తను తిన్నానని చెప్పమన్నది నేనే. తను వద్దంది. బుట్ట పోతుందని బెదిరించి చెప్పించాను."

నా గొంతు నేననుకున్న దానికన్నా పెద్దగా పలికింది. ప్రిన్సిపాల్ విన్నది. టీచరు విన్నది. నా పక్కన కాగితాలంటించిన తల్లులందరూ విన్నారు. ఒకావిడ చటుక్కున పక్కకి చూసింది.

ఫాదర్ నా వంక చూడలేదు. మోకాలు నొప్పేమో, తలుపు చట్టం పట్టుకుని వంగి, బుట్ట మీదుగా దాని కళ్ళలోకి చూసి, "అలాగా?" అని అడిగారు.

తల ఊపింది. అప్పుడు ఏడ్చింది. నేను అరిచినప్పుడు ఏడవలేదు, అబద్ధం చెప్పినప్పుడు ఏడవలేదు, చెయ్యి కందేలా తోముకున్నప్పుడు ఏడవలేదు. రెండు చేతులూ బుట్టకే ఉన్నాయి కాబట్టి కళ్ళు తుడుచుకోవడానికి లేదు. నేను కొంగు చాచబోతే తల పక్కకి తిప్పేసుకుంది. టీచరు తుడిచింది. దాన్ని మళ్ళీ నాలుగో చోట నిలబెట్టింది.

వరస కదిలింది. తడి మొహంతోనే హాలు మధ్య నుంచి నడిచి వెళ్ళి, బుట్ట చప్పుడు కాకుండా దించి, నిటారుగా నిలబడింది. ఆ రెండేళ్ళలో నేను దాని మొహం పూర్తిగా కనిపించేలా చూసింది అప్పుడే, తలుపు దగ్గర నిలబడి, అంత దూరం నుంచి. నాతో వారం దాకా సరిగ్గా మాట్లాడలేదు. నన్ను మాత్రం ఆ రోజు ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.